నవంబరులో విజయనగరంలో ఆటమ్ థీమ్ పెళ్లి: డెకరేషన్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చెల్లెమ్మ పెళ్లి నవంబరులో, విజయనగరంలో ఒక ఫంక్షన్ హాల్లో. పక్కనే ఖాళీ లాన్ ఉంది. ఇంటర్నెట్‌లో చూసిన ఆటమ్ (విదేశాల్లో ఆకులు రాలే కాలం) పెళ్లిళ్లలా ఎర్రటి మేపుల్ ఆకులు, నారింజ గుమ్మడికాయలు, ఎండు కొమ్మలు, కొవ్వొత్తులు కావాలని ఆమె అంటోంది. అమ్మగారు, పెదనాన్నగారు "శుభమా అని పెళ్లి చేస్తుంటే ఎండుటాకులేమిటి" అంటున్నారు. ఇద్దరి మాటా పోకుండా ఎలా చేయాలి, డబ్బు ముందు దేని మీద పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

చేయొచ్చు. నిజానికి నవంబరులో ఈ థీమ్ మన వైపు చాలా బాగా వస్తుంది. రంగులు చెల్లెమ్మ చెప్పినవే ఉంచండి, వస్తువులు మాత్రం ఆ నెలలో మన చుట్టూ దొరికేవే తీసుకోండి. మేపుల్ ఆకుల చోట క్రోటన్లు, ప్లాస్టిక్ పూల చోట బంతి, చామంతి, కోడిజుట్టు పూలు, ఎండు కొమ్మల చోట వరికంకులు, కొవ్వొత్తుల చోట ప్రమిదలు. పెళ్లి మండపం పచ్చగా, సంప్రదాయంగా ఉండనివ్వండి. థీమంతా ఎంట్రన్స్‌లోనూ రిసెప్షన్ స్టేజ్ మీదా చూపించండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఏళ్లుగా పెళ్లి డెకరేషన్లు చేస్తున్నాను. ఇలా విడగొట్టి చేసిన చోట పెద్దవాళ్లూ పిల్లలూ ఇద్దరూ సంతోషంగా ఉన్నారు.

ముందు ఎండుటాకుల సంగతి. ఈ విషయంలో నేను మీ అమ్మగారి వైపే. తోరణం అంటే పచ్చి మామిడాకు, పందిరి అంటే పచ్చి కొబ్బరాకు, గుమ్మానికి రెండు వైపులా గెలలతో అరటి చెట్లు. మన పెళ్లిలో ప్రతి చోటా పచ్చదనమే కోరుకుంటాం కదా, అక్కడ రాలిన ఆకు పెడితే పెద్దవాళ్ల మనసుకు కష్టంగా ఉండటం సహజం. ఆచారం సంగతి పక్కన పెట్టినా హోమం ఉంది. మండపంలో నిప్పు వెలిగే పెళ్లి మనది. ఎండుటాకులు, కాగితం ఆకులు, థర్మాకోల్, సింథటిక్ గుడ్డ ఇవన్నీ నిప్పు రవ్వకు అంటుకునేవే. పైగా నవంబరులో మన చెట్లు ఆకులు రాల్చవు. వానలు కురిసి వెళ్లాక అవి బాగా పచ్చగా ఉండే కాలం అది. మనకు ఆకు రాలేది శిశిరంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. బయట పచ్చటి కొబ్బరి చెట్లు కనిపిస్తుంటే హాల్ లోపల ప్లాస్టిక్ మేపుల్ ఆకులు వేలాడదీస్తే ఫోటోలో ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

మరి ఎర్రటి ఆకు ఎక్కడ దొరుకుతుంది? క్రోటన్ మొక్కలు తెప్పించండి. ఎరుపు, నారింజ, పసుపు, ముదురు ఆకుపచ్చ నాలుగూ ఒకే ఆకులో కనిపించే రకాలున్నాయి. చెల్లెమ్మ చూపించిన ఫోటోలో ఉన్న రంగులన్నీ అందులో ఉంటాయి, అదీ బతికున్న మొక్కలో. "ఎండుటాకు" అన్న అభ్యంతరం అక్కడితో తీరిపోతుంది. దగ్గర్లోని నర్సరీల్లో కొన్ని దొరుకుతాయి. ఎక్కువ సంఖ్యలో, ఒకే ఎత్తులో కావాలంటే రాజమండ్రి దగ్గర కడియం నర్సరీలకు చెప్పాలి. మూడు ఎత్తుల్లో తీసుకోండి. పొడవాటివి వెనక, మధ్యరకం ముందు, చిన్నవి మెట్ల అంచున. కుండీలు కనబడకుండా గోనె గుడ్డ చుట్టి పురికొసతో కడితే చాలు, మళ్లీ రంగు కాగితాలు అక్కర్లేదు.

క్రోటన్లతో కొన్ని జాగ్రత్తలున్నాయి. నర్సరీ ఎండలోంచి ఒక్కసారిగా చీకటి హాల్లోకి తెస్తే ఈ మొక్క ఆకులు రాల్చేస్తుంది. అందుకే పెళ్లికి వారం ముందే తెప్పించి, ఇంటి దగ్గర వెలుతురున్న నీడలో పెట్టి రోజూ నీళ్లు పోయండి. హాల్లోకి ముందు రోజు సాయంత్రం మార్చితే సరిపోతుంది. కొమ్మలు కోసి వాజుల్లో పెడితే నీళ్లలో చాలా రోజులు నిలుస్తాయి గానీ, కోసిన చోట కారే పాలు బట్టకు అంటితే మరక వదలదు. చర్మానికి పడనివాళ్లకు దురద కూడా వస్తుంది. కాబట్టి కోసిన కొమ్మలు పట్టుచీరలు తగిలే చోట, చిన్నపిల్లలకు అందే చోట, భోజనాల టేబుళ్ల మీద వద్దు. పెళ్లయ్యాక చిన్న కుండీలన్నీ దగ్గరి బంధువులకు ఇచ్చి పంపొచ్చు. రిటర్న్ గిఫ్ట్ ఖర్చు కొంత తగ్గుతుంది, ఆ మొక్క వాళ్లింట్లో పెరుగుతుంది.

పూల విషయానికొస్తే నవంబరు మనకు కలిసొచ్చే నెల. బంతి, చామంతి రెండూ సీజన్‌లో ఉంటాయి. నారింజ బంతి ఒక్కటే గుప్పించకండి, అది హల్దీ ఫంక్షన్‌లా అయిపోతుంది. ఆటమ్ రంగు రావాలంటే ముదురు రంగు ఒకటి కలవాలి. దానికి నేను వాడేది కోడిజుట్టు పువ్వు. మఖ్మల్ లాంటి ముదురు ఎరుపు, త్వరగా వాడిపోదు, చవక. పల్లెల్లో పెరళ్లలో ఉంటుంది గానీ డెకరేటర్లు దీన్ని అంతగా పట్టించుకోరు. దానికి తోడు బొగడబంతి, ఇటుక రంగు చామంతి, కొంచెం తెల్ల లిల్లీ. ఎక్కడ ఎంత తెలుపు, ఎంత నారింజ అని తేల్చుకోలేకపోతే ఒక పారిజాతం పువ్వు చేతిలో పెట్టుకుని చూడండి. రేకులు తెలుపు, కాడ మాత్రమే నారింజ. మండపానికి నేను ఆ పాళ్లే పాటిస్తాను: తెలుపు ఎక్కువ, నారింజ గీతలా. ఎంట్రన్స్‌కి దాన్ని తిరగేస్తాను. పారిజాతాలు మాత్రం డెకరేషన్‌కి వాడకండి, ఎండ ఎక్కేసరికి వాడిపోతాయి.

తామరలు అడుగుతారేమో. మొగ్గలు తెచ్చి నీళ్లలో ఉంచి, ముహూర్తానికి కాస్త ముందు రేకులు చేత్తో మడిచి ఉర్లీలో, అంటే నీళ్లు పోసిన వెడల్పాటి లోహపు పాత్రలో పెడితే కొన్ని గంటలు అందంగా ఉంటాయి. దండ గుచ్చి స్టేజ్ మీద వేలాడదీస్తే నిలవవు.

పూల ధర గురించి ఒక హెచ్చరిక. కార్తీక సోమవారాలు, పౌర్ణమి చుట్టుపక్కల గుళ్లకు పూలు విపరీతంగా వెళ్తాయి. అయ్యప్ప పూజలూ అప్పుడే. మీ ముహూర్తం ఆ రోజుల దగ్గర పడితే పూలు ముందే మాట్లాడి పెట్టుకోండి. డెకరేటర్‌తో ఒప్పందం "ఇన్ని కిలోలు" అని రాసుకోవద్దు. ఎన్ని అడుగుల దండ, ఎంత ఒత్తుగా అన్నది రాయించుకోండి, ఒక అడుగు నమూనా గుచ్చి చూపించమనండి. కిలోల లెక్కలో పలచగా గుచ్చినా మీకు తెలియదు. "కొన్ని చోట్ల ఆర్టిఫిషియల్ కలుపుతాం" అంటే ఎక్కడెక్కడో కూడా రాయించండి. పైకప్పు దగ్గర, ఎవరికీ అందని ఎత్తులో కలిపితే నాకు అభ్యంతరం లేదు. పెళ్లికూతురు తల వెనక మాత్రం అసలు పూలే ఉండాలి.

ఇక వరికంకులు. నాకు ఈ మొత్తం థీమ్‌లో అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. నవంబరు నాటికి మన జిల్లాల్లో చేలు బంగారు రంగు తిరుగుతుంటాయి. గుళ్లలో పిచ్చుకల కోసం కట్టే వరి కుచ్చులు చూసే ఉంటారు, వాటిని ఎంట్రన్స్ కమాను నిండా కట్టించండి. ధాన్యం కాబట్టి పెద్దవాళ్లు సంతోషిస్తారు, రంగు చూసి చెల్లెమ్మ సంతోషిస్తుంది. అయితే కోత మిషన్ పెట్టిన చేలో గడ్డి నలిగి ముక్కలైపోతుంది, కుచ్చుకు పనికిరాదు. తెలిసిన రైతుతో ముందే చెప్పి, పొడవు కాడలతో చేత్తో కోయించుకోవాలి. తెచ్చిన వెంటనే కట్టేస్తే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కట్టలు విప్పి నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, ఎలుకలకు అందకుండా వేలాడదీసి ఉంచండి. పెళ్లయ్యాక వాటిని ఇంటి చూరుకు, గుడికి కట్టేయొచ్చు.

బొబ్బిలి వైపు ఒక పెళ్లికి అమ్మాయి పంపాస్ గడ్డి (కుచ్చుల్లా పూసే విదేశీ గడ్డి) కావాలంది. బయటి నుంచి తెప్పిస్తే ఖరీదు ఎక్కువ, దారిలో సగం రాలిపోతుంది. ఆమెను నాగావళి ఒడ్డుకు తీసుకెళ్లి రెల్లు చూపించాను. అప్పుడే తెల్లగా పూసి ఉంది. ఆ పెళ్లి ఎంట్రన్స్‌లో రెండు వైపులా ఎత్తైన ఇత్తడి బిందెల్లో రెల్లు, కింద కోడిజుట్టు పూలు, అంతే. వచ్చినవాళ్లందరూ అక్కడే ఫోటోలు దిగారు. రెల్లు పూర్తిగా విచ్చుకోకముందే కోయాలి, తలకిందులుగా ఆరబెట్టి హెయిర్ స్ప్రే కొట్టాలి, లేకపోతే నూగు గాల్లో ఎగురుతుంది. అందువల్లనే భోజనాల దగ్గరా హోమం దగ్గరా అస్సలు వద్దు. మీ పెళ్లి నవంబరు ఆఖర్లో అయితే రెల్లు దాదాపు అయిపోతుంది, దసరా తర్వాత ఎప్పుడో కోయించి దాచుకోవాలి.

గుమ్మడికాయలు పెట్టొచ్చు. తీపి గుమ్మడి తీసుకోండి, దిష్టికి కట్టే బూడిద గుమ్మడి ఒక్కటి కూడా కలవకూడదు. కోసి, చెక్కి, ముఖాలు గీసి పెట్టే పద్ధతి పెళ్లిలో వద్దు. చాలా ఇళ్లలో గుమ్మడికాయ పగలగొట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది, పెద్దవాళ్లను నొప్పించే పని మనకెందుకు. మన గుమ్మడి ఫోటోల్లో ఉన్నంత నారింజగా ఉండదు, పచ్చ, గోధుమ, ఆవపిండి రంగు మచ్చలు కలిసి ఉంటుంది. ఆ రంగే ఇత్తడి పక్కన బాగుంటుంది, పెయింట్ వేయకండి. పెయింట్ వేయకపోతే మర్నాడు వంటశాలకు పంపి దప్పళం చేయించొచ్చు.

ఇప్పుడు మండపం. ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. ముహూర్తం సమయానికి మన వైపు పెళ్లికూతురు, పెళ్లికొడుకు మధుపర్కాల్లో ఉంటారు, అంటే ఎర్ర అంచు తెల్లబట్టలు. వెనక బ్యాక్‌డ్రాప్ క్రీమ్ రంగు గుడ్డ అయితే ఆ తెలుపు అందులో కలిసిపోతుంది. కాబట్టి వాళ్ల వెనక ముదురు పచ్చ ఉండాలి. కొబ్బరాకు అల్లిక, మామిడాకులు, వాటి మీద తెల్ల లిల్లీ దండలు, మధ్య మధ్య నారింజ బంతి. ఉద్దానం వైపు నుంచి వచ్చే కొబ్బరాకు వెడల్పుగా, అల్లికకు బాగా వంగుతుంది. హోమగుండానికి చుట్టూ కనీసం ఆరడుగుల దూరంలో వేలాడే గుడ్డ గానీ, రెల్లు గానీ, వరికుచ్చు గానీ ఉండకూడదు. ఒక బకెట్ ఇసుక స్టేజ్ వెనక పెట్టించండి. మీ ఇంట్లో మధుపర్కాలు ఏ సమయానికి కడతారో, తెర ఎక్కడ పట్టుకుంటారో పురోహితుడిని ముందే అడిగి డెకరేటర్‌కు చెప్పండి. తెర పట్టుకునే చోట స్తంభం కట్టేసి, చివరి నిమిషంలో పీకేయడం చాలాసార్లు చూశాను.

రిసెప్షన్ స్టేజ్ మొత్తం చెల్లెమ్మకే వదిలేయండి. వైన్ రంగు, ఇటుక రంగు గుడ్డలు, క్రోటన్లు, కోడిజుట్టు, వరికంకులు అన్నీ అక్కడ. కాకపోతే చీర ముందు, స్టేజ్ తర్వాత. ఇటుక రంగు స్టేజ్ మీద ఇటుక రంగు చీర కడితే మనిషి కనబడదు. ముదురు పచ్చ, నెమలి కంఠం రంగు, లేత బంగారు రంగు చీరలు ఈ స్టేజ్ మీద నిలబడతాయి. చీర కొన్నాక దాని చిన్న ఫోటో కాకుండా, పగటి వెలుతురులో చీరనే డెకరేటర్‌కు చూపించండి. ఫోన్‌లో మెరూన్ ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా కనిపిస్తుంది.

పెళ్లికొడుకు వైపు వాళ్లకు అభ్యంతరం లేకపోతే పంచెకి పొందూరు ఖాదీ చూడండి. ఎర్రపత్తితో వడికిన నూలుకు రంగు వేయకుండానే కొంచెం గోధుమ ఛాయ ఉంటుంది, ఈ థీమ్‌కి అంతకంటే సరిపడేది నాకు తెలియదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసే బట్ట అది. ఆలస్యమవుతుంది, నెలల ముందే చెప్పుకోవాలి. పాత్రలకు శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు తీసుకోండి. మీ ఇంట్లో, మీ అమ్మమ్మగారింట్లో పాత బిందెలు, గంగాళాలు ఉంటే ఇంకా మంచిది, అద్దె కూడా ఉండదు. చింతపండుతో తోమిస్తే చాలు. టేబుళ్ల మీద ఏటికొప్పాక లక్క బొమ్మలు చిన్నవి పెట్టొచ్చు. అంకుడు కర్ర మీద సహజ రంగులతో చేసిన ఆ పసుపు, ఎరుపు, గోధుమ బొమ్మలు మళ్లీ ఇవే రంగులు.

లైట్లు. పసుపు ఛాయ ఉన్న వార్మ్ లైట్ అడగండి. నీలం, గులాబీ రంగు లైట్లు స్టేజ్ మీద వేస్తే బంతిపూలు బురద రంగులో కనిపిస్తాయి. ముహూర్తం అర్ధరాత్రో తెల్లవారుజామునో అయితే మీ డెకరేషన్ మొత్తాన్ని చూపించేది లైటే, అందుకని కరెంటు పోతే జనరేటర్ మీద స్టేజ్ లైట్లు కూడా నడుస్తాయో లేదో హాల్ వాళ్లను అడగండి. చాలా చోట్ల ఫ్యాన్లు, వంటశాల మాత్రమే నడుస్తాయి.

కొవ్వొత్తుల బదులు ప్రమిదలు అన్నాను. కార్తీకమాసంలో దీపం పెట్టడానికి పెద్దవాళ్లను ఒప్పించే పనే ఉండదు. నీళ్లు పోసిన ఉర్లీల్లో, చీర కొంగు తగలని చోట, ఒక మనిషిని కాపలా పెట్టి వెలిగించండి. లాన్‌లో గాలి ఉంటుంది, అక్కడ గాజు చిమ్నీలు కావాలి. నడిచే దారి పొడవునా అయితే బ్యాటరీ దీపాలే మంచివి.

ఇంక అన్నిటికంటే ముఖ్యం, వాన. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, ఈ రెండూ మన జిల్లాలను ఏం చేశాయో మీకు చెప్పక్కర్లేదు. నవంబరులో అంతటిది రాకపోయినా ఒక అల్పపీడనం చాలు, రెండు రోజులు ముసురు పడుతుంది. శ్రీకాకుళం దగ్గర ఒక హాల్లో రిసెప్షన్ మొత్తం లాన్‌లోనే పెట్టుకున్నారు, మధ్యాహ్నం నుంచి వాన. ఆ ఇంటివాళ్లు ముందే లోపలి హాల్ కూడా ఖాళీగా ఉంచమని మాట్లాడుకున్నారు కాబట్టి మొక్కలు, బిందెలు, కుచ్చులు అన్నీ గంటన్నరలో లోపలికి మార్చేశాం. కుండీలతో, బిందెలతో చేసే డెకరేషన్‌లో ఉన్న పెద్ద లాభం ఇదే, ఎత్తి పెట్టేయొచ్చు. ఇనుప ఫ్రేమ్‌కి మేకులు కొట్టి కట్టిన గోడ అయితే తడవాల్సిందే.

కాబట్టి లాన్‌ని స్వాగతానికి, ఫోటోలకు మాత్రమే వాడండి. మీకు నవంబరు మధ్యలో సూర్యాస్తమయం దాదాపు 5:20కే అయిపోతుంది. బంగారు వెలుతురులో ఫోటోలు కావాలంటే నాలుగింటికల్లా జంట తయారై ఉండాలి, ఈ మాట బ్యూటీషియన్‌కి గట్టిగా చెప్పండి. చీకటి పడ్డాక మంచు పడుతుంది, కుర్చీల గుడ్డలు తడుస్తాయి, లాన్ మీద వైర్ జాయింట్లు నేలకు ఆనకుండా పైకి కట్టించాలి.

డబ్బు సంగతి. నన్నడిగితే ఎంట్రన్స్ ఒకటి, రిసెప్షన్ స్టేజ్ ఒకటి, ఈ రెండిటి మీదే ఎక్కువ పెట్టండి. మండపానికి పచ్చటి ఆకు, పూలు, అల్లే మంచి చేతులు చాలు, అది ఖరీదైన పని కాదు. హాల్ పైకప్పు నిండా గుడ్డలు కట్టించడం నేను వద్దంటాను. బిల్లులో పెద్ద అంకె అదే, ఫోటోల్లో కనిపించేది తక్కువ. భోజనాల హాల్లో టేబుల్‌కి ఒక చిన్న చెంబు, అందులో నాలుగు చామంతులు, చాలు. ఆకుల్లో వడ్డించే పెళ్లి అయితే అదీ అక్కర్లేదు.

తేదీ ఖరారైతే ముందు క్రోటన్లకీ ఖాదీకీ చెప్పండి, రైతుతో వరికంకుల మాట అనుకోండి, మిగతావి నెల ముందు చూసుకోవచ్చు. హాల్ లోపలి వెడల్పు, స్టేజ్ ఎత్తు, ముహూర్తం టైమ్, లాన్ ఏ దిక్కున ఉందో ఇక్కడ రాస్తే కుండీలు ఎన్ని కావాలో, కమాను ఎంత ఎత్తు పెట్టాలో లెక్క వేసి చెప్తాను.